బాలసముద్రంలో బోర్డు లేని భోజనం క్లాసు

హన్మకొండ బాలసముద్రంలో ఒక డైటీషియన్ మేడం తన ఇంటి మీది అంతస్తులో ఆదివారం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక క్లాసు నడుపుతారు. బోర్డు లేదు, పేరు కూడా పెట్టలేదు. వచ్చేవాళ్లమే "భోజనం క్లాసు" అనుకునేవాళ్లం. ఎనిమిది ఆదివారాలకు మనిషికి 3,200 రూపాయలు, పొద్దుటి టిఫిన్ అందులోనే. 2025 జూలై మొదటి ఆదివారం చేరాను, వినాయక చవితికి మూడు రోజుల ముందు అయిపోయింది. వెంటనే రాద్దామనుకుని ఆగాను. ఏ కోర్సైనా అయిపోయిన రోజు గొప్పగానే అనిపిస్తుంది. దసరా, దీపావళి, మొన్నటి సంక్రాంతి దాటాక ఏం నిలబడిందో చూసుకుని రాయడమే న్యాయం అనిపించింది.

నాది కిషన్‌పురలో మెడికల్ షాపు. ఇరవై ఒక్కేళ్లుగా అదే కౌంటర్. వయసు 49. పోయిన మే నెలలో పరీక్ష చేయించుకుంటే మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి హద్దు మీద ఉన్నట్టు, 6.5 తాకితే షుగర్ వచ్చినట్టే అని రోజూ కౌంటర్ దగ్గర నలుగురికి చెప్పే మనిషిని. బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్ద సర్వే లెక్కలు వచ్చినప్పుడు దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైన, హద్దు మీద ఉన్నవాళ్లు 13 కోట్ల పైన అని చదివి, ఆ పేపర్ మడిచి పక్కన పెట్టాను. రెండేళ్లకు నా రిపోర్టు చేతిలోకి వచ్చాక ఆ రెండో లెక్కలో నేనూ ఉన్నానని భయమేసింది. మా బాపుకు షుగర్‌తో కాలి వేలు తీసేశారు.

డాక్టర్ గారు అన్నం తగ్గించమన్నారు. తగ్గించాను. మధ్యాహ్నం అన్నం సగానికి సగం చేశాను, రాత్రి రెండు జొన్నరొట్టెలు. నెలన్నర గడిచినా బరువు అరకిలో కూడా కదల్లేదు. ఎక్కడ తప్పు పోతున్నదో అర్థంకాక టెన్షన్ పడుతున్న రోజుల్లో, బీపీ మాత్రల కోసం వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఈ క్లాసు సంగతి చెప్పింది. "తమ్మీ, అక్కడ డైట్ చార్టు ఇయ్యరు. నువ్వు ఎప్పుడెప్పుడు తింటున్నవో నీకే చూపిస్తరు" అన్నది. నేను ఎప్పుడు తింటున్నానో నాకు తెలియకపోవడమేంటి అనుకున్నాను. నిజంగానే తెలియదు.

మొదటి ఆదివారం మేడం మా పదకొండు మందికీ జేబులో పట్టే చిన్న నోటుపుస్తకాలు ఇచ్చారు. ఏం తిన్నామో, ఎంత తిన్నామో రాయొద్దన్నారు. నోట్లోకి ఏదైనా పోయిన ప్రతిసారీ మూడు సంగతులే రాయాలి: టైమ్ ఎంత, కూర్చున్నామా నిలబడ్డామా, ఆ సమయానికి కళ్లు దేని మీద ఉన్నాయి. కేలరీల లెక్క లేదు, తూకం లేదు. ఇంత చిన్న పనికి ఇంత డబ్బా అని ఆ రోజు కొంచెం నిరాశపడ్డాను కూడా.

సోమవారం రాత్రి షాపు మూసేటప్పుడు లెక్కపెడితే ఇరవై రెండు సార్లు రాసి ఉంది. కూర్చుని తిన్నది రెండుసార్లే. మిగతా ఇరవై ఎక్కడివి? మా ఇంటావిడ నాలుగింటి చాయ్ కోసం స్టీలు డబ్బాలో అటుకుల చుడువ కట్టిస్తుంది. ఆ డబ్బా కౌంటర్ కింద, కుడి చేతికి అందేచోట ఉంటుంది. 10.40 నిలబడి, కళ్లు బిల్లు మీద. 10.55 నిలబడి, కళ్లు కంప్యూటర్ మీద. 11.20 మళ్లీ అదే. చెయ్యి పోతున్నది, పిడికెడు వస్తున్నది, నోట్లో పడుతున్నది. ఆ మూడుసార్లూ చుడువలో పల్లీలు వచ్చాయో పుట్నాలు వచ్చాయో చెప్పమంటే చెప్పలేను. ఆ పైన మనవడు పుట్టాడని ఒకరు తెచ్చిన దూద్‌పేడా, మెడికల్ రిప్రజెంటేటివ్ ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్, పక్క కొట్టు ఆయన తెప్పించిన మిర్చి బజ్జీల్లో రెండు.

ఇవన్నీ ఒక ఎత్తు. వారం చివర నోటుపుస్తకం తిరగేస్తే ఏడు రోజుల్లో ఆరు రోజులు ఒకే వాక్యం కనిపించింది: "రాత్రి 11.15, నిలబడి, కళ్లు గిన్నెలో." పదిన్నరకు షాపు మూసి ఇంటికొచ్చి, బుద్ధిగా రెండు రొట్టెలు తిని, చెయ్యి కడుక్కుని, మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోతాను. స్టవ్ పక్కన మిగిలిన అన్నం గిన్నె, దాని పక్కన అడుగున ఇంత కూర. పొద్దటికి పాడైపోతుందని, గిన్నె ఖాళీ చేస్తే కడగడం తేలికని, ఎడమ చేత్తో గిన్నె పట్టుకుని గంటెతోనే తినేస్తాను. పచ్చిపులుసు ఉంటే గిన్నె ఎత్తి తాగేస్తాను. మధ్యాహ్నం పళ్లెంలో తగ్గించిన అన్నం రాత్రి నిలబడి తింటున్నాను. ఇన్నేళ్లలో ఎవరైనా "రాత్రి ఏం తిన్నావు" అని అడిగితే "రెండు రొట్టెలు" అనే చెప్పాను, అబద్ధం చెబుతున్నాననే ఎరుక లేకుండా. ఆ ఆరు వాక్యాలు చూసినప్పుడు 3,200 గిట్టుబాటయ్యాయనుకున్నాను.

మన పెద్దవాళ్లు "పరధ్యానంగా తినకు" అనేవాళ్లు. ఈ క్లాసు అంతా ఆ మాట చుట్టే తిరుగుతుంది. మేడం దీన్ని "ధ్యాసపెట్టి తినడం" అంటారు, ఇంగ్లిష్‌లో మైండ్‌ఫుల్ ఈటింగ్.

రెండో ఆదివారం నడిపిన పద్ధతి ఎక్కడిదో కూడా ఆమె దాచలేదు. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ఒత్తిడి తగ్గించే శిక్షణ ఒకటి మొదలుపెట్టాడు. అందులో ఒక్క ఎండుద్రాక్షను నిమిషాల తరబడి చూసి, వాసన పీల్చి, నమిలి తినే అభ్యాసం ఉంటుంది. ఆ తర్వాత జీన్ క్రిస్టెలర్ అనే మనస్తత్వవేత్త అదుపు లేకుండా తినేవాళ్ల కోసం ఆ దారిలోనే ప్రత్యేకంగా ఒక శిక్షణ తయారుచేశారు. మేడం ఎండుద్రాక్ష తీసేసి సకినం పెట్టారు. "ఎండుద్రాక్ష దగ్గర ఎవరూ అదుపు తప్పరు. మనం ఎక్కడ తప్పుతమో దాంతోనే నేర్చుకోవాలె" అన్నారు. ఆమె చేసిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఒక్కొక్కరి అరచేతిలో ఒక్క సకినం. ముందు చూడమన్నారు. మూడు చుట్లు, చుట్టు చుట్టుకూ మధ్య వెంట్రుకంత సందు, ఎవరి వేళ్లో బియ్యప్పిండిని మెలిపెట్టుకుంటూ పోయిన గుర్తులు. బయటి చుట్టు ఒకచోట కొంచెం లావుగా ఉంది, అక్కడ చెయ్యి ఆగి మళ్లీ మొదలై ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు నూనె వాసన, తర్వాత వాము. బయటి చుట్టులోంచి వేలెడు ముక్క విరిస్తే టప్‌మని చప్పుడు అందరి చేతుల్లోంచీ ఒకేసారి వచ్చింది. నమలకుండా కాసేపు నాలుక మీద ఉంచమన్నారు. ఉప్పు ముందు తెలిసింది. పన్ను పడ్డాక నువ్వుగింజ ఒకటి చిట్లి, దాని చేదు-తీపి ఒక్కసారి వచ్చి పోయింది. వాము ఘాటు చాలా ఆలస్యంగా, మింగబోయే ముందు నాలుక వెనకాల తగిలింది. చిన్నప్పటి నుంచి సకినాలు తింటున్నా వాము ఎప్పుడు తగులుతుందో నేను గమనించిందే లేదు.

ఆ ఒక్క సకినానికి ఏడు నిమిషాలు పట్టింది. బయటి చుట్టు అద్భుతం. రెండోది బాగుంది. లోపలి చుట్టుకు వచ్చేసరికి రుచి ఉంది గానీ మోజు లేదు. మేడం అడిగితే అదే చెప్పాను, ఇంకో నలుగురూ అదే అన్నారు. ఒకే రుచి వరసగా తింటుంటే దాని మీద ఇష్టం త్వరగా తగ్గుతుందని, కొత్త రుచి రాగానే మళ్లీ లేస్తుందని ఆమె వివరించారు. పెళ్లి భోజనంలో కడుపు నిండాక కూడా ఐస్‌క్రీమ్‌కు చోటు దొరకడం ఇందువల్లే. ధ్యాస అక్కడ ఉంటే మోజు తగ్గడం మనకు తెలుస్తుంది, కళ్లు టీవీ మీద ఉంటే తెలియదు. సంక్రాంతికి మా ఇంట్లో చాటలో సకినాలు పోసుకుని సినిమా చూస్తూ కూర్చుంటే ఎన్ని పోయేవో లెక్క ఉండేది కాదు. ఈసారి చాయ్‌తో రెండు తెచ్చుకుని కూర్చున్నాను. రెండోది సగంలో చాలనిపించింది. తినాలని ఉన్నా బలవంతంగా ఆపుకోవడం వేరు, ఇది వేరు. ఈ తేడా తెలియాలంటే ఒకసారి అనుభవంలోకి రావాలి.

మూడో వారం ఆకలికి పది మెట్లు. ఒకటంటే కళ్లు తిరిగే ఆకలి, పదంటే భుక్తాయాసం. మూడు మీద మొదలుపెట్టి ఏడు మీద ఆపాలని చెబుతారు. కడుపులో సగం అన్నానికి, పావు నీళ్లకు ఇచ్చి, పావు ఖాళీగా ఉంచమని వాగ్భటుడు చెప్పిన లెక్క కూడా దాదాపు ఇదేనని క్లాసులో ఉన్న ఒక సంస్కృతం మాస్టారు గుర్తుచేశారు. చిక్కేమిటంటే ఏడు వచ్చిన సంగతి మనకు ఏడు దగ్గర తెలియదు. తిండి పేగుల్లోకి చేరాక అక్కడ పుట్టే హార్మోన్లు మెదడుకు కబురు చేర్చడానికి టైమ్ పడుతుంది, ఇరవై నిమిషాలు అనుకోవచ్చు. నేను మధ్యాహ్నం అన్నం ఆరు నిమిషాల్లో ముగిస్తాను, ఫోన్ పెట్టి కొలిచాను. కబురు బయల్దేరే లోపే నా పళ్లెం ఖాళీ.

ఈ భాగం నాకు బాగా పట్టింది, ఎందుకంటే ఆ హార్మోన్లలో ఒకటైన జీఎల్‌పీ-1 పేరు ఇప్పుడు మా కౌంటర్ దగ్గర రోజూ వినిపిస్తోంది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశానికి వచ్చాక "ఆ సన్నబడే సూది ఉందా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ హార్మోను చేసే పనినే ఇంకా గట్టిగా, ఎక్కువసేపు చేసే మందులవి. డాక్టర్ రాసిస్తే తీసుకోవాల్సినవాళ్లు తీసుకోవాలి, వాటిని నేను తక్కువ చేయను. కానీ చీటీ లేకుండా వచ్చేవాళ్లకు ఒక మాట చెబుతున్నాను ఇప్పుడు: అదే కబురు మీ ఒంట్లోనూ పుడుతుంది, వచ్చేదాకా ఆగి చూశారా ఎప్పుడైనా అని.

బిస్కెట్ ప్యాకెట్ల సంగతి కూడా ఆ వారమే వచ్చింది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూసింది. ఎదురుగా పెట్టిన తిండిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లో సమానం. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్యాకెట్ తిండి రోజుల్లో మనిషికి రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. మెత్తగా, నమిలే పని లేకుండా ఉండేది తొందరగా లోపలికి జారిపోతుంది. మక్కకంకి కాల్చుకుని తింటే పది నిమిషాలు, అదే మక్కలతో చేసిన ప్యాకెట్ రింగులు రెండు నిమిషాలు. నేను ఇంట్లో రెండూ తిని చూశాను.

నాలుగో వారం మాటల్లేకుండా టిఫిన్ చేశాం. సర్వపిండి పెట్టారు. గిన్నెకు ఒత్తి కాల్చినది, అంచు ఎర్రగా, మధ్యలో వేలి గుంటల్లో నూనె నిలిచి, శనగపప్పు పలుకులు పైకి తేలి. సగానికి పైన తిన్నాక ఏడో మెట్టు నాకు స్పష్టంగా తెలిసింది, మొదటిసారి. కడుపు బరువు కాలేదు. తర్వాతి ముక్క కోసం చెయ్యి తొందరపడటం ఆగింది, అంతే. మిగిలింది కాగితంలో చుట్టి ఇచ్చారు. పదకొండింటికి ఆకలేసి తింటే మళ్లీ మొదటి ముక్కంత రుచిగా ఉంది.

ఇక నా రాత్రి గిన్నె సంగతి. అయిదో ఆదివారం దాన్ని అందరి ముందూ చెప్పాను. పరకాల దగ్గర మా ఊళ్లో బాపు అన్నం తినేటప్పుడు కింద పడ్డ మెతుకును వేలి కొసతో అద్దుకుని నోట్లో వేసుకునేవాడు. కరువులో అంబలి తాగి పెరిగిన మనిషి. బువ్వ పారేసినవాళ్లను మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు, నేనూ పారేయలేను. మేడం నన్ను మార్చాలని చూడలేదు. "రోజూ ఎంత మిగులుతుందో కొలిచి చెప్పండి" అన్నారు. వారం కొలిస్తే రోజూ గ్లాసున్నర అన్నం మిగులుతున్నది. అమ్మ ఇప్పటికీ మూడు గ్లాసుల బియ్యమే పోస్తుంది. మా పెద్దోడు బెంగళూరు పోయి రెండేళ్లయింది, వాడి వాటా ఇంకా ఉడుకుతూనే ఉంది.

అమ్మతో ఆ మాట తేవడం తేలిక కాలేదు. "ఎవరన్నొస్తే బువ్వ లేదని చెప్తమా?" అన్నది. "ఎవరొచ్చినా ఇరవై నిమిషాల్ల కుక్కర్ పెడ్దామమ్మా" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రెండున్నర గ్లాసులు పోసింది. ఇప్పుడు రెండు. ఏదైనా మిగిలితే నేను రాకముందే మూతడబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి పోతుంది, పొద్దున పోపు పెట్టుకుంటాం. వంటింట్లో లైటు తీసేయడం మా ఇంటావిడ ఆలోచన. మంచినీళ్ల చెంబు ముందు గదిలోకి వచ్చింది. మెతుకు పారేయలేదు, నేనూ గిన్నె ముట్టలేదు.

అయినా కాళ్లు కొన్నాళ్లు వంటింటి వైపే పోయేవి. నోటుపుస్తకంలో నాలుగో గడి అప్పుడు కలిపారు: ఆ క్షణం మనసులో ఏముంది. ఆకలి లేదు, మెట్టు ఆరు అని రాశాను చాలాసార్లు. మరి ఏముంది? ఒకరాత్రి చీకటి వంటింట్లో నిలబడి ఆలోచిస్తే తట్టింది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదిన్నర దాకా నన్ను ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఈ మాత్ర ఉందా, ఆ సిరప్ ఎంత, అప్పు రాసుకోండి, రేపిస్తాం. ఎవరూ ఏమీ అడగని పావుగంట రోజు మొత్తంలో ఆ వంటింట్లో గిన్నెతో ఉన్నదే. నాకు కావాల్సింది ఆ పావుగంట. ఇప్పుడు గ్లాసెడు సల్ల పోసుకుని మెట్ల మీద కూర్చుంటున్నాను. ఇంట్లో ఎవరూ పలకరించరు, చెప్పిపెట్టాను.

వడ్డించేవాళ్లకు వద్దని ఎట్లా చెప్పాలో కూడా ఒక వారం నేర్పారు, ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి. ముందు వంటను మెచ్చుకోవాలి, తర్వాత కడుపు సంగతి చెప్పాలి, తర్వాత ఏదో ఒకటి ఇంటికి అడగాలి. దసరాకు మా మేనత్త దగ్గరికి జమ్మికుంట పోయినప్పుడు పనికొచ్చింది. "అల్లుడా, ఇంకో గంటె ఏసుకో, నా చేతి కూర పడ్తలేదా?" అన్నది. "మస్తుగున్నదత్తా, కడుపు నిండింది. మా ఇంటామెకు పట్కపోత, డబ్బల పెట్టు" అన్నాను. అత్త సంతోషంగా డబ్బా వెతకడానికి లేచింది.

ఇక నచ్చనివి. మూడో వారంలోనే మేడం తొమ్మిది అంగుళాల పళ్లెం ఒకటి చూపించి, చిన్న పళ్లెంలో తింటే తక్కువ తింటామని పరిశోధనలు రుజువు చేశాయన్నారు. ఇక్కడ నేను ఒప్పుకోలేదు. ఈ గిన్నెలు, పళ్లేల పరిశోధనలకు బాగా పేరుపడ్డ కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రయన్ వాన్సింక్ పత్రాలు ఆరింటిని 2018లో అమెరికా వైద్య సంఘంవారి జామా పత్రికలు ఒకేసారి వెనక్కి తీసుకున్నాయి. యూనివర్సిటీ విచారణలో అవకతవకలు తేలి ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. పళ్లెం మాట పూర్తిగా అబద్ధమని నేననను. రుజువైందని డబ్బులు కట్టినవాళ్లకు చెప్పడం సరికాదు. క్లాసు అయ్యాక విడిగా చెప్పాను. మరుసటి వారం ఆమె అందరి ముందూ ఆ మాట సవరించుకున్నారు. ఆ పని చేసే టీచర్లు తక్కువ, ఆమె మీద నమ్మకం పెరిగింది నాకు.

ముద్దకు ముప్పై రెండుసార్లు నమలాలన్న నియమం నాకు ఒక్కరోజు కూడా సాగలేదు. అంకెలు లెక్కపెడుతుంటే రుచి పోతుంది. ముద్దకూ ముద్దకూ మధ్య చెయ్యి పళ్లెం మీంచి తీసి ఒడిలో పెట్టుకోమన్నది మాత్రం పనిచేసింది. ఆరు నిమిషాల అన్నం పద్నాలుగు నిమిషాలకు వచ్చింది. ఏడో వారం ఎవరో అతిథిని పిలిచి రెండు గంటలూ ధ్యానం మీద ఉపన్యాసం ఇప్పించారు, ఆ ఆదివారం వృథా. గోడకున్న చార్టు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన పళ్లెం బొమ్మ. రోజుకు 2,000 కేలరీల లెక్కలో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్లల్లో ఇది తలకిందులుగా ఉంటుంది కాబట్టి అందరూ చదవాల్సిన చార్టు. కానీ గోడ మీద ఉన్నది ఇంగ్లిష్‌లో. మా బ్యాచ్‌లో నలుగురికి ఇంగ్లిష్ రాదు. తెలుగులో రాయించమని రెండుసార్లు అడిగాం, క్లాసు అయిపోయేదాకా కాలేదు. కింద కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రెండే కుర్చీలు.

మెడికల్ షాపువాడిగా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లు తిండి తగ్గించి మందు అదే మోతాదులో వేసుకుంటే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా. మేడం మొదటిరోజు ఎవరేం వాడుతున్నారో నోటితో అడిగారు. కాగితం మీద రాయించుకోవాలి, డాక్టర్‌తో మాట్లాడి రమ్మనాలి. ఈ క్లాసుకు పోదలచినవాళ్లు ఆమె అడిగినా అడగకున్నా మీ డాక్టర్‌కు చెప్పి పోండి.

ఇంకో సంగతి. మా బ్యాచ్‌లో ఒక కాలేజీ అమ్మాయి ఉండేది. నోటుపుస్తకం రాయడం మొదలుపెట్టాక ఆమెకు భయం ఎక్కువైంది, రెండో వారానికే ఏడ్చింది. మేడం పక్కకు తీసుకుపోయి మాట్లాడి, రాయడం ఆపించి, మానసిక వైద్యులకు చూపించమని ఇంట్లోవాళ్లకు చెప్పారు, ఫీజు తిరిగిచ్చారు. దాచుకుని అదుపు లేకుండా తినడం, తర్వాత కక్కేయడం, రోజుల తరబడి పస్తులుండటం లాంటివి ఉంటే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. క్లాసు చాలదు.

నా లెక్కలు ఇవీ. డిసెంబర్‌లో మూడు నెలల సగటు 5.8. బరువు 79న్నర. నడుము 96, ఇంకా తగ్గాలి. అక్టోబర్ నుంచి పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తున్నాను కాబట్టి అంతా క్లాసు పుణ్యమే అనను. చుడువ డబ్బా ఇప్పుడు షాపు వెనక గదిలో, స్టూలు పక్కన ఉంటుంది. తినాలంటే పోయి కూర్చోవాలి. నవంబర్‌లో స్టాక్ లెక్కలు చూసుకున్న పది రోజులు డబ్బా మళ్లీ కౌంటర్ కిందికి వచ్చింది, చెయ్యి మళ్లీ దానంతటదే పోయింది. నోటుపుస్తకం తీసి రెండు రోజులు రాస్తే ఆగింది. ఆ పుస్తకం జేబులోనే ఉంచుకుంటున్నాను.

మేడం పేరు, నంబర్ ఇక్కడ రాయొద్దన్నారు, పన్నెండు మందికి మించి కూర్చునే జాగా లేదు. బాలసముద్రంలో అడిగితే చెబుతారు. కొత్త బ్యాచ్ 2026 మేడారం జాతర అయ్యాక ఫిబ్రవరిలో అన్నారు. మొదటి ఆదివారం ఖాళీ కడుపుతో రమ్మంటారు, షుగర్ మందులు వాడేవాళ్లు ఆ ఒక్క మాట వినకుండా ఏదైనా తిని పోండి. దుకాణాలవాళ్లకు ఆదివారం పొద్దున వీలుకాదు, రాత్రి తొమ్మిది తర్వాత ఒక బ్యాచ్ పెడితే కిషన్‌పుర నుంచి అయిదుగురిని నేనే తీసుకొస్తానని చెప్పాను. తెలుగు చార్టు రాయించాక చూద్దామన్నారు.